విదేశీ ఇంటర్వ్యూల్లో సొంత సంగతులు: ఏది చెప్పాలి, ఏది ఆఫర్ దాకా ఆపాలి

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉంటూ బయటి దేశాలకు అప్లై చేసే మనవాళ్ల రెజ్యూమెల్లో చివర తరచూ ఒక పేరా కనిపిస్తుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్ట్ నంబరు, ఆ కింద "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని ఒక ముక్క. అమెరికా, బ్రిటన్, కెనడాలకు పంపేటప్పుడు ఆ పేరా మొత్తం, ఫొటోతో సహా, తీసేయండి. అక్కడి హెచ్‌ఆర్‌కు అది పనికిరాదు సరికదా, తలనొప్పి కూడా. వయసు చూసో మతం చూసో పక్కన పెట్టారని రేపు ఎవరైనా కేసు వేయొచ్చు. పాస్‌పోర్ట్ నంబరైతే ఏ దేశానికి పంపే రెజ్యూమెలోనూ పెట్టకండి.

ఈ దేశాల్లో చాలా ప్రశ్నలకు ఆఫర్ లెటరే సరిహద్దు. బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ చట్టం 60వ సెక్షన్ ప్రకారం ఆఫర్‌కు ముందు మీ ఆరోగ్యం గురించి గానీ పాత కంపెనీలో పెట్టిన సిక్ లీవుల గురించి గానీ అడగకూడదు. ఇంటర్వ్యూకు మీకేమైనా ఏర్పాటు కావాలా, ఆ పనికి తప్పనిసరైనది చేయగలరా అన్నవి ముఖ్యమైన మినహాయింపులు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం దారీ దాదాపు అదే. ఆఫర్ ఇచ్చాక మెడికల్ పెట్టుకోవచ్చు. పని అనుమతి కాగితాలను అమెరికాలో ఐ-9 ఫారం కోసం, చేరిన మూడు పనిదినాల్లోపు చూపించాలి. ఆమోదించిన జాబితాలోంచి ఏ కాగితం చూపాలో ఎంచుకునేది మీరే, కంపెనీ కాదు. కెనడాలో సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు వాడే ప్రభుత్వ గుర్తింపు నంబరు) కూడా ఉద్యోగం ఖాయమయ్యాకే ఇవ్వాలి. ముక్కూమొహం తెలియని కన్సల్టెన్సీ అప్లికేషన్ దశలోనే ఆ నంబరు అడిగిందంటే ముందు అనుమానించండి.

ఆన్‌లైన్ ఫారం చివర జాతి, లింగం, వైకల్యం అడిగే పేజీ చూసి కంగారుపడొద్దు. అది లెక్కల కోసం. "చెప్పదలచుకోలేదు" అనే ఆప్షన్ నొక్కినా నష్టమేమీ లేదు.

దాచకూడని ప్రశ్న వీసా ఒక్కటే, ఎక్కువమంది పొరపాటు చేసేదీ అక్కడే. అమెరికా ఫారాల్లో ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు: ఇప్పుడు ఇక్కడ పనిచేసే అనుమతి ఉందా, ఇప్పుడు గానీ ముందుముందు గానీ కంపెనీ నుంచి వీసా స్పాన్సర్‌షిప్ కావాలా. ఓపీటీ (అక్కడ చదివినవాళ్లకు విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నవాళ్లు మొదటిదానికి అవును అంటారు, బాగానే ఉంది. "ఇప్పుడైతే అక్కర్లేదుగా" అని రెండోదానికి కాదు అని కొట్టేస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల) డిగ్రీలకు ఇచ్చే పొడిగింపు 24 నెలలు కలుపుకున్నా ఓపీటీ మూడేళ్లే. ఆ తర్వాత హెచ్-1బీ అడిగిన రోజున కంపెనీ పాత ఫారం తీసి ముందు పెడుతుంది. అవును అని రాస్తే కొన్ని కంపెనీలు అక్కడే తిప్పి పంపుతాయి, నిజమే. స్పాన్సర్ చేయబోమని చెప్పే హక్కు వాళ్లకుంది. అయినా నిజమే రాయండి.

జీతం దగ్గర బెంగళూరు అలవాటు గట్టిగా దెబ్బకొడుతుంది. ఇక్కడ కరెంట్ సీటీసీ, మూడు నెలల పేస్లిప్పులు అడగడం మామూలు. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే చట్టవిరుద్ధం. న్యూయార్క్ రాష్ట్రంలో 2020 నుంచి అంతే. యూరోపియన్ యూనియన్ 2023 నాటి ఆదేశంలోనూ ఈ నిషేధం ఉంది, సభ్యదేశాలు దాన్ని చట్టంగా చేసుకోవడానికి పెట్టిన గడువు 2026 జూన్ 7. ఎంత ఆశిస్తున్నారని మాత్రం అడగొచ్చు. అప్పుడు మీ రూపాయల జీతాన్ని డాలర్లలోకి మార్చి, దానిమీద ముప్పై శాతం కలిపి చెప్పకండి. "ఈ పోస్టుకు మీ పే స్కేల్ ఎంత?" అని తిరిగి అడగండి. కాలిఫోర్నియాలో అడిగిన అభ్యర్థికి అది చెప్పి తీరాలి.

జర్మనీ తీరు వేరు. రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ అక్కడ ఇప్పటికీ కనిపిస్తాయి, తప్పనిసరి మాత్రం కాదు. గర్భవతివా అని అడగకూడదు. అడిగితే అబద్ధం చెప్పినా చెల్లుతుందని అక్కడి లేబర్ కోర్టులు ఒప్పుకున్నాయి. డిగ్రీ, అనుభవం విషయంలో ఈ వెసులుబాటు లేదండోయ్. మతం గురించి ఇంటర్వ్యూలో అడగని దేశమే, ఊళ్లో చిరునామా నమోదు చేసేటప్పుడు ఫారంలో అడుగుతుంది. గుంటూరు లూథరన్ కుటుంబాల వాళ్లు, కాథలిక్కులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి: ఆ గడి నింపితే ఆదాయపు పన్ను మీద 9 శాతం, బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్‌లలో 8 శాతం చర్చి పన్నును కంపెనీయే జీతంలోంచి కోస్తుంది.

గల్ఫ్‌లో దేశం, వయసు, పెళ్లి, ఫొటో, వీసా స్థితి అన్నీ మామూలుగా అడుగుతారు, దాచి లాభం లేదు. సౌదీ, కువైట్ వీసాలకు బయల్దేరకముందే మెడికల్ ఉంటుంది. హెచ్‌ఐవీ, టీబీ పరీక్షలు అందులో భాగం. ఆ ఫలితం చేతికి రాకముందే ఇక్కడ రాజీనామా పెట్టి తొంభై రోజుల నోటీసు మొదలెట్టకండి. జపాన్‌లో ప్రభుత్వం 2021లో రెజ్యూమె నమూనా మార్చి, భార్య/భర్త, పోషించాల్సినవాళ్లు అనే గడులు తీసేసింది. పాత నమూనా ఎదురైతే ఆ గడులు వదిలేయొచ్చు.

"పిల్లలున్నారా?" అని కబుర్లలో అడిగితే మొహం మాడ్చుకోనక్కర్లేదు. "ఈ పనిలో ప్రయాణాలు, షిఫ్టులు నాకు ఇబ్బంది కాదు" అనండి. వాళ్లకు కావలసిన జవాబు అదే.

అసలు ఇబ్బంది ప్యానెల్లో మన తెలుగాయనే ఉన్నప్పుడు. "ఏ ఊరండీ? ఇంటిపేరు? మీవాళ్లు ఎవరు?" అని వరసగా వస్తే అది ఎటు పోతుందో మనకు తెలుసు. ఊరి పేరుకు బదులు జిల్లా చెప్పి, వెంటనే ప్రాజెక్టు గురించి ఒక ప్రశ్న వేయండి. కుల వివక్షను పేరుపెట్టి నిషేధించిన తొలి అమెరికా నగరం సియాటిల్, 2023 ఫిబ్రవరిలో. కాలిఫోర్నియా బిల్లును అదే ఏడాది గవర్నర్ వెనక్కి పంపారు, ఉన్న చట్టాలే చాలునని. ఇలాంటివి ఎదురైన సాయంత్రమే ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో అడిగారో రాసిపెట్టుకోండి. వివక్ష జరిగిందని ఈఈఓసీకి (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు చేయడానికి మామూలుగా 180 రోజులే గడువు, రాష్ట్రంలోనూ అలాంటి సంస్థ ఉంటే 300.