ఎట్నా ఊళ్లను చదవడం – 4: లావానా, భూకంపమా?

కిందటి పాఠం చివర సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం వాలున ఉన్న బెల్పాస్సో ఇచ్చి, ఈ ఊరిని కూల్చింది ఏదని అడిగితే జవాబులన్నీ దాదాపు ఒకే గాటన వచ్చాయి: 1669 లావా. అది సగమే నిజం. అందుకని ఈసారి ఈ ముడి విప్పుదాం.

1669 మార్చి 11న ఎట్నా దక్షిణ వాలున ఉన్న నికొలోసి ఊరి దగ్గర నేల చీలింది. అక్కడ లేచిన జంట గుట్టలే మోంతి రోస్సి. లావా దక్షిణానికి దిగి మల్పాస్సో, మిస్తెర్‌బ్యాంకో ఊళ్లను మింగి, తీరాన ఉన్న కతానియా నగరం గోడల దాకా వచ్చి సముద్రంలో పడింది. ఆ తర్వాత 1693 జనవరి 11న పెద్ద భూకంపం. రెంటి మధ్య నిండా 24 ఏళ్లు కూడా లేవు. గందరగోళమంతా ఇక్కడే.

బెల్పాస్సో రెండు దెబ్బలూ తిన్నది. దాని పాత ఊరు మల్పాస్సో లావా కింద పోయాక జనం దిగువకు వచ్చి ఫెనీచియా మొంకాద అని కొత్త ఊరు కట్టుకున్నారు. దాన్ని 1693 నేలమట్టం చేసింది. 1695లో మళ్లీ చోటు మారి కట్టిందే ఇప్పటి బెల్పాస్సో. అంటే మ్యాప్‌లో బెల్పాస్సో వీధులు గళ్లుగా కనిపించడానికి, అంటే ఊరంతా ఒకేసారి కొత్తగా కట్టడానికి, కారణం భూకంపం.

మామూలుగా లెక్క ఇలా ఉంటుంది. భూకంపంలో ఇళ్లు పోతాయి, నేల మిగులుతుంది, కూలిన రాయి కూడా పనికొస్తుంది. కాబట్టి అక్కడే మళ్లీ కడతారు, కతానియాలా. లావా వస్తే నేలే పోతుంది. మీటర్ల మందాన రాయి పరుచుకున్నాక పునాది తవ్వలేరు, పొలమూ ఉండదు, ఊరు కదలాల్సిందే. మిస్తెర్‌బ్యాంకో అలాగే దక్షిణానికి కదిలింది. పాత ఊరి చర్చి గంట గోపురం కొస మాత్రం లావా పైకి తేలి ఉండిపోయింది. ఆ చోటు పేరు కంపనరాత్సు, ఈ శతాబ్దంలో తవ్వితే కింద చర్చి బయటపడింది. బెల్పాస్సో ఈ లెక్కకు లొంగదు, భూకంపం తర్వాత కూడా కదిలింది. అందుకే మీకు ఇచ్చాను.

ఇక నల్లరాయి సంగతి. గోడలో నల్లరాయి కనబడగానే "లావా తర్వాత కట్టారు" అని రాయడం దయచేసి మానండి. ఎట్నా లక్షల ఏళ్లుగా పొంగుతోంది, చుట్టుపక్కల మేస్త్రీకి చేతికందే రాయి అదే. ఎట్నాకు ఉత్తరాన ఉన్న రందాత్సోలోని సాంతా మరియా చర్చి నల్లరాయిదే, 13వ శతాబ్దంది. కతానియాలో ఉర్సినో కోట కూడా లావారాయిదే, అదీ 13వ శతాబ్దందే. 1669 లావా వచ్చి చుట్టుముట్టే నాటికి ఆ కోటకు నాలుగు వందల ఏళ్లు. అప్పటిదాకా కడలి అంచున ఉన్న కోట ఇప్పుడు ఊరి లోపల ఉంది. రాయి రంగు ఎక్కడి రాయో చెబుతుంది, ఎప్పటి గోడో చెప్పదు.

చూడాల్సింది రాయి ముఖం. చెక్కిన దిమ్మెకు చదునైన ముఖం, ఉలి గాట్లు ఉంటాయి. పారి గడ్డకట్టిన లావా గరుకుగా, బొరియలతో, ముట్టుకుంటే చెయ్యి గీరుకునేలా ఉంటుంది. అలాంటి బీడును సిసిలీ వాళ్లు షారా అంటారు. ఇళ్ల వెనక షారా గోడలా నిలబడి ఉంటే ప్రవాహం అక్కడిదాకా వచ్చిందన్నమాట.

తలుపు మీద చెక్కిన ఏడాది ముందుగోడ పూర్తయినది, అంతే. నా మటుకు చర్చి ఫొటోలు ఆఖర్న చూస్తాను. ముందు ఉపగ్రహ చిత్రంలో నల్ల చారను, అంటే గడ్డకట్టిన లావా ప్రవాహాన్ని, పట్టుకుని, దాని పుట్టుక దాకా ఎక్కి, తర్వాతే ఊళ్లోకి దిగుతాను.

అభ్యాసం (ఈసారి కష్టమే):

మస్కాలి (ఎట్నాకు తూర్పున ఉన్న ఊరు). వీధులు గీత గీసినట్టు ఉన్నాయి, కానీ 1693 కాదు, 1928 నవంబరు లావా. పాత ఊరి చోటు పట్టుకుని, ఏ పేట మిగిలిందో రాయండి.

రందాత్సో. పాత గోడలో కొత్త అతుకులు కనిపిస్తాయి. అగ్నిపర్వతానికీ భూకంపానికీ అంటగట్టే ముందు రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో పడ్డ బాంబులు గుర్తుంచుకోండి.

జఫెరానా (ఎట్నా తూర్పు వాలున ఉన్న ఊరు). 1992లో లావా ఇళ్ల ముందే ఆగింది. ప్రవాహం కొస నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న చర్చికి మ్యాప్ మీద దూరం కొలవండి. వంద మీటర్లు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఏ బిందువు నుంచి కొలిచారో మాత్రం రాయండి.