పాత ఫొటోల్లోని మన కళాకారులను గుర్తుపట్టి, పేర్లతో దాచుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంబరాలప్పుడు తీసిన ఫొటోలు బీరువా అడుగుల్లోనూ, భజన మందిరాల గోడల మీదా ఇంకా ఉన్నాయి. వెనక తిప్పి చూస్తే ముఖ్య అతిథి పేరు ఉంటుంది, చందా ఇచ్చిన పెద్దమనిషి పేరు ఉంటుంది. మద్దెల వాయించినాయన పేరు మాత్రం ఉండదు. ఆ పేరు రాబట్టి, ఫొటోకు జతచేసి నిలబెట్టడానికే ఇక్కడ చెప్పే పద్ధతి అంతా.

ముందు ఫొటో పాడవకుండా కాపీ తీసుకోవాలి. చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పెడితే చెమట మరక నెమ్మదిగా పసుపుపచ్చగా తేలుతుంది. దుమ్ముంటే మెత్తటి పొడి కుంచెతో దులపాలి. తడిగుడ్డ, స్పిరిట్, కొబ్బరినూనె ఏవీ తగలకూడదు. బూజు పట్టినదాన్ని తుడిస్తే బూజుతోపాటు బొమ్మ పొర కూడా లేచిపోతుంది. బాగా ఆరాకే కుంచె పట్టాలి.

ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫొటోను ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకండి. మన తీరప్రాంతపు తేమకు ఫొటో పైనున్న జిలటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. లాగితే తెల్లకాగితం చేతికొస్తుంది, మొహాలు అద్దం మీద ఉండిపోతాయి. దాన్ని అద్దంతో సహా ఫోనుతోనే తీయాలి. ఫ్రేమును కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా నిలబెట్టండి. ఫ్లాష్ ఆపండి. మీ వెనక ఎవరినైనా నల్ల దుప్పటి పరిచి పట్టుకోమంటే అద్దంలో మీ వెనకనున్నవాటి నీడ పడదు. రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి జూమ్ చేస్తే అంచులు వంగవు.

విడి ఫొటోలకు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మేలు. జిరాక్స్ షాపులోనైనా సరే, మూత ఎత్తి అద్దం మీద బోర్లించాలే తప్ప పై ట్రేలో పెట్టి లాగించకూడదు. రోలర్లు గీతలు పెడతాయి. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అన్న లెక్క) చాలు. రెండంగుళాల చిన్న చతురస్రపు ప్రింటుకు 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫొటో అయినా కలర్‌లోనే, టిఫ్ ఫైలుగా తీయాలి, ఎందుకంటే సిరా రాతలు, మరకలు, స్టూడియో ముద్ర కలర్‌లోనే విడిగా తెలుస్తాయి. నాలుగు, ఆరంగుళాల ఫొటో 600 డీపీఐలో సుమారు 25 ఎంబీ వస్తుంది. ఆటో కరెక్షన్, షార్ప్‌నెస్, దుమ్ము తొలగింపు మూడూ ఆపేయాలి. దుమ్ము తొలగించే సాఫ్ట్‌వేర్ గజ్జెల మెరుపుల్ని కూడా దుమ్మే అనుకుని చెరిపేస్తుంది. వెనకవైపు ఖాళీగా కనిపించినా స్కాన్ చేయండి.

వాద్యం దగ్గర మొదలుపెట్టండి

చాలామంది వేషం చూసి కళ పేరు రాసేస్తారు. వేషం అద్దెకు దొరుకుతుంది, ఒక మేళానిది ఇంకో మేళం కట్టుకుంటుంది. చేతిలో ఏముంది, దాన్ని ఎలా పట్టుకున్నారు అన్నదే గట్టి ఆధారం.

ఛాతీ మీద రేకుతో చేసిన గుండ్రటి తప్పెటలు వేలాడుతూ, కాళ్లకు గజ్జెలు కట్టుకున్న మగవాళ్లు గుంపుగా కనిపిస్తే అవి తప్పెటగుళ్లు. చేతుల్తోనే కొడతారు, పుల్లలు ఉండవు. పుల్లలతో కొడుతుంటే డప్పు అయివుండొచ్చు, మళ్లీ చూడండి. ముగ్గురు నిలబడి, మధ్యనున్నవారి భుజం మీద తంబూరా, పక్కవాళ్లిద్దరి దగ్గర డక్కీలు (చిన్న డోళ్లు) ఉంటే బుర్రకథ. ఒక్కరే మెడలో పూలదండతో, చేతిలో చిడతలతో, కాలికి గజ్జెతో ముందుకు వచ్చి నిలబడి, వెనక ఫిడేలు, మృదంగం కూర్చుని ఉంటే హరికథ.

ఎక్కువగా పొరబడేది జముకు అనే వాద్యంతో పాడే జముకుల కథ దగ్గర. జముకు ఫొటోలో చిన్న డోలులాగానో, చంకలో పెట్టుకున్న పాత్రలాగానో కనిపిస్తుంది. ఒక్క వైపే తోలు ఉంటుంది, ఆ తోలు మధ్యనుంచి ఒక తీగ బయటికి వస్తుంది. తీగను ఒక చేత్తో లాగిపట్టి రెండో చేత్తో మీటుతారు. స్కాన్‌ను స్క్రీన్ మీద నాలుగింతలు పెద్దది చేసి, రెండు చేతుల మధ్య సన్నటి తెల్లగీత ఉందేమో వెతకండి. అది కనబడితే సందేహం లేదు. ఫోనులో చూస్తే ఈ గీత దొరకదు. 600 డీపీఐ అడిగింది ఇలాంటి వాటికోసమే.

తూర్పు భాగవతం (మన వైపు నృత్య నాటకం) ఫొటోల్లో మద్దెల, తాళాలు, హార్మోనియం ఉంటాయి. జడ వేసుకుని, నగలు పెట్టుకున్న సత్యభామను చూసి ‘నటి’ అని రాసేయకండి. ఆ వేషం మగవాళ్లు కట్టడం మన సంప్రదాయం. ఆ కళాకారుడి గొప్పతనమంతా అందులోనే ఉంది, దాన్ని మన శీర్షిక చెరిపేయకూడదు. ఆడవాళ్లు వెనకనుంచి చేతులు పెనవేసుకుని వరసగా అడుగు వేస్తున్న ఫొటో సాలూరు, పాచిపెంట వైపుదైతే గిరిజనుల ధింసా నాట్యం కావచ్చు, పక్కన తుడుం (డోలు), మోరి (ఊదే వాద్యం) ఉన్నాయేమో చూడండి. ధింసా ఆడే తెగలు చాలా ఉన్నాయి కాబట్టి నాట్యాన్ని బట్టి తెగ పేరు ఊహించి రాయొద్దు.

చేతులు మసకగా ఉంటే నిజంగా వాయిస్తుండగా తీసినట్టు. చేతులు, మొహం అన్నీ స్పష్టంగా ఉండి, వెనక బొమ్మల తెర ఉంటే స్టూడియోలో తీయించుకున్నది. అక్కడ వీణ పట్టుకున్నవారు వీణ వాయించేవారే అని నమ్మకం లేదు.

ఇంకో చిక్కు, నెగెటివ్ తిరగేసి ప్రింటు వేయడం. వీణ కుండ వాయించేవారి కుడివైపు ఉండాలి, అంటే మన కంటికి ఎడమవైపు. మృదంగంలో నల్లటి కరణి (మధ్యన గుండ్రంగా పూసే ముద్ద) ఉన్న చిన్న ముఖం కుడిచేతి వైపు ఉంటుంది. ఒక్కరి దగ్గరే ఇది తారుమారైతే ఆయనది ఎడమచేతి వాటం. చొక్కా జేబులు, పైట చెంగులు కూడా వేసుకున్నవారి కుడివైపుకి పోయి ఉంటే నెగెటివ్ తిరగబడింది. అసలు ఫైలును అలాగే ఉంచి, సరిచేసిన కాపీని వేరే పేరుతో దాచండి. లేకపోతే ఎడమనుంచి రాసిన పేర్లన్నీ తలకిందులవుతాయి.

ఏ కాలానిదో తేల్చడం

తేదీ ఊహించకండి, రెండు హద్దుల మధ్య ఇరికించండి. బ్యానరు మీద ‘శ్రీకాకుళం జిల్లా, బొబ్బిలి’ అనో ‘పార్వతీపురం’ అనో ఉంటే అది 1950 ఆగస్టు 15 తరవాత, 1979 జూన్ 1కి ముందు రాయించిన బ్యానరు అనుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా 1950 నాటి ఆ తేదీన, విజయనగరం జిల్లా 1979 నాటి ఆ తేదీన ఏర్పడ్డాయి. ‘మండలం’ అన్న మాట ఉంటే 1985 లేదా ఆ తరవాతిది. స్టూడియో ముద్రలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు కంటే ముందుది కాదు. రంగులు వెలిసి మొత్తం ఎర్రబారిన కలర్ ప్రింటు చాలావరకు 1970ల, 80ల నాటిది, నీలం రంగు ముందుగా పోవడంవల్ల అలా అవుతుంది. కాగితం చెప్పేది ప్రింటు వయసు మాత్రమే. పాత నెగెటివ్ నుంచి ఇరవై ఏళ్ల తరవాత కూడా ప్రింటు వేయించుకుంటారు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే ఫిడేలు నేర్పారు. అందుకే ఈ ఊళ్లో దొరికే ప్రతి పాత కచేరీ ఫొటోలోనూ వాళ్లిద్దరూ ఉన్నారని చెప్పుకుంటారు. దాసుగారు 1945 జనవరిలో పోయారు. మిగతా ఆధారాలు ఆ తరవాతి కాలాన్ని చూపిస్తుంటే ఆయన ఉన్నారన్న మాట పక్కన పెట్టండి.

పెద్దలను అడగడం

ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి, మీద ట్రేసింగ్ పేపరు పరిచి, ప్రతి తలకాయ చుట్టూ గీత గీసి నంబరు వేయండి. ఆ కాగితమే పట్టుకెళ్లండి. ‘ఈయన ఫలానా గురువుగారేనా?’ అని అడిగితే మొహమాటానికి అవునంటారు. ‘తాతా, ఈ మూడో నంబరు మద్దెల వాయించిందెవలు?’ అని అడిగి ఊరుకోండి. మనిషి పేరు తోచకపోయినా ఆ వాద్యం ఎవరింట్లో ఉండేదో, ఏ ఊరు మేళమో గుర్తుకొస్తుంది. ఇద్దరిని వేరువేరుగా అడగండి. ఒకే గదిలో కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి మాటే నిలుస్తుంది. ఇద్దరూ చెరో పేరు చెబితే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో కూడా రాయాలి. మాటలు ఫోనులో రికార్డు చేస్తామని ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి.

శీర్షికలో ‘చూసేవారి ఎడమనుంచి’ అని మొదలుపెట్టి, ఇంటిపేరుతో సహా పేరు, వాద్యం లేదా వేషం, ఊరు, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ వరసగా రాయండి. తెలియనివారి నంబరు వదిలేయకుండా ‘పేరు తెలియదు, తాళాలు’ అని రాస్తే తరవాత ఎవరైనా పూరిస్తారు. ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో కూడా జతచేయండి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక పాత ‘విజయనగరం జిల్లా’ అన్న మాట ఒక్కటే సరిపోదు. కులం పేరు ఆ కుటుంబం కోరితేనే రాయాలి. పూనకం వచ్చినవారి ఫొటోలను ఇంటివాళ్లను అడగకుండా ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ఫొటో వెనక బాల్‌పెన్ వాడితే గీత ఇటువైపు పొంగుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది. మెత్తటి పెన్సిలుతో, అంచున, తేలిగ్గా నంబరు ఒక్కటే రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త కాగితం మీద పెన్సిలు పట్టదు, దానికి కవరు మీద రాయడమే మార్గం. పీవీసీ కవర్లు, జిగురు పేజీల ఆల్బములు, కలరా ఉండలు వద్దు. పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టి, గోడకు ఆనని అలమరాలో నడిమి అరలో ఉంచండి.

తుపాను నీళ్లలో తడిసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి ఆరబెట్టకూడదు, ఇటుకలా అంటుకుపోతాయి. తడి మీదే విడదీసి, చల్లటి మంచినీళ్లలో బురద పోయేలా ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన నూలుగుడ్డ మీద నీడలో ఆరేయండి. రెండు రోజుల లోపు చేయాలి, ఆపైన బూజు మొదలవుతుంది. అంత వీలు లేకపోతే మధ్యమధ్య మైనపు కాగితం పెట్టి, సంచిలో కట్టి ఫ్రీజర్‌లో ఉంచి, తీరిక దొరికాక కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు.