పాప పడుకుంటోంది, మీకే నిద్ర లేదు: తేడా ఎక్కడ వస్తోంది?

పుట్టిన బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. అదే ఇంట్లో అమ్మానాన్నలకి మూడు గంటలు కూడా దొరకవు. పసిపిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తూ ఈ మాట వినని వారం నాకు లేదు. బిడ్డ ముక్కలు ముక్కలుగా పడుకుంటుంది కాబట్టి మొదటి మూడు నెలలూ మన నిద్ర తెగడం మామూలే. కానీ రాత్రంతా కలిపి ఒక్కసారైనా నాలుగు గంటలు ఏకబిగిన పడుకోలేకపోతున్నారంటే, సరిచేసుకోగలిగిన తేడా ఎక్కడో ఉంది. పాలు పట్టడం, త్రేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే మీ డాక్టర్ చెప్పినట్టే చేయండి.

ముందు ఈ ఒక్క పని

కొత్త ఉయ్యాల కొనకముందు, డబ్బా పాలు మార్చకముందు, మంచం పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. లేచిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: టైమెంత, ఎవరు లేచారు, ఎత్తుకునే ముందు పాప కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా. రెండు రాత్రులు రాస్తే చాలు. ఎంత చెప్పినా చాలామంది ఇది చేయరు, "మాకు తెలుసు కదండీ, రాయడమెందుకు" అంటారు. నిద్రలేని మనిషికి రాత్రి జరిగింది పొద్దున్నకి సరిగ్గా గుర్తుండదు. అందుకే రాయమంటున్నాను.

ఇద్దరూ ఒకేలా నీరసించిపోయారు

కాగితంలో ప్రతి వరసలోనూ "ఇద్దరం" అని ఉంటే కారణం దొరికినట్టే. ఒకరు పాలిస్తుంటే రెండోవాళ్ళు తోడుగా పక్కన కూర్చుంటారు. అది ప్రేమే, కాదనను. కానీ తెల్లారేసరికి ఇంట్లో ఒళ్ళు తెలిసి పనిచేసే మనిషి ఒక్కరూ మిగలరు. రాత్రిని పంచుకోండి: తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఏడు దాకా ఇంకొకరు. వంతు లేనివాళ్ళు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. పాప మాత్రం మేలుకునేవాళ్ళ గదిలోనే, తన సొంత పడక మీద, వెల్లకిలా పడుకోవాలి. ఆ పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, దిండ్లూ దుప్పట్లూ ఉండకూడదు.

తల్లిపాలే తాగుతుంటే పాపని ఎత్తుకురావడం, త్రేన్పు, డైపర్, మళ్ళీ పడుకోబెట్టడం అన్నీ రెండోవాళ్ళ పనే. తల్లి పాలిచ్చి వెంటనే కళ్ళు మూసుకోవాలి. పాలు బాగా కుదురుకున్నాక, తీసి ఉంచిన పాలతో ఒక పూట రెండోవాళ్ళే పట్టొచ్చు. ఒంటరిగా పెంచుతున్నవాళ్ళు పగలైనా సరే, నమ్మకమైన మనిషిని మూడు నాలుగు గంటలు బిడ్డని చూసుకోమని అడగండి, మొహమాటపడకండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు సోఫాలో కూర్చుని పాలివ్వకండి. అక్కడ మీరు కునుకు తీస్తే బిడ్డకి ప్రాణాపాయం.

పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ

పగలూ రాత్రీ తేడా తెలిపే గడియారం ఒంట్లో కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పగలు వెలుతురులో ఉంచండి, ఇంట్లో మాటలూ చప్పుళ్ళూ వినిపించనివ్వండి. రాత్రి చిన్న లైటు, తక్కువ మాటలు. ఇంతకంటే చేయాల్సింది లేదు.

గంటకోసారి లేస్తోంది

ఎక్కువమందిని ముంచేది ఇదే. కాగితంలో "కళ్ళు మూసే ఉన్నాయి" అని పదే పదే కనిపిస్తే అర్థం ఒకటే. పాప లేవలేదు, మీరే లేపారు.

పసిపిల్లల నిద్రలో సుమారు సగం కలత నిద్ర. మేము దాన్ని యాక్టివ్ స్లీప్ అంటాం. అందులో రెప్పల కింద కళ్ళు కదులుతాయి. పాప ముక్కుతుంది, మూలుగుతుంది, ఒళ్ళు విరుచుకుంటుంది, మొహం చిట్లిస్తుంది, కెవ్వుమని ఒకసారి ఏడుస్తుంది కూడా. ఇదంతా నిద్రలోనే. 1955లో చికాగో యూనివర్సిటీకి చెందిన పరిశోధకులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రపోతున్న పసిపిల్లల కళ్ళనీ కదలికలనీ గమనించి, కలత నిద్ర వచ్చి పోయే ఈ చుట్టు గంటకి కాస్త అటూ ఇటూగా తిరుగుతుందని చెప్పారు. మీ కాగితంలో గంటకోసారి మెలకువ కనిపించేది అందుకే.

నా మొదటి బిడ్డప్పుడు ఆరు వారాలు ఇందులోనే పడి ఉన్నాను. కిక్కుమంటే ఎత్తుకున్నాను, రొమ్ము అందించాను. పాప నాలుగు గుక్కలు తాగి సర్దుకునేది. "చూశారా, ఆకలే" అనుకునేదాన్ని. మోసమంతా అక్కడే ఉంది, మనం చేసింది పనిచేసినట్టే కనిపిస్తుంది. సగం నిద్రలో తాగిన నాలుగు గుక్కలకి కడుపు నిండదు కాబట్టి కాసేపటికి నిజంగానే ఆకలేస్తుంది. అప్పుడు మళ్ళీ లేవాలి.

ఒక రాత్రి వార్డులో ఒక తల్లి పక్కన కూర్చున్నాను. రెండుంపావుకి పాప కదిలింది. మొహం ఎర్రబడింది, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంది, పిడికిళ్ళు బిగించి గట్టిగా ముక్కింది. తల్లి చేతులు చాచింది. "అమ్మా, కళ్ళు చూడు" అన్నాను. రెప్పలు అదురుతున్నాయి గానీ విడలేదు. చిన్న ఏడుపు ఒకటి వచ్చి ఆగింది. పెదాలు రెండుసార్లు చప్పరించింది, పిడికిలి మెల్లగా విచ్చుకుంది, ఊపిరి సర్దుకుంది. మూడింటిదాకా మళ్ళీ కదల్లేదు. ఆ తల్లి పాపని చూడటం మాని నా వైపు తిరిగి ఏడ్చేసింది, అన్ని రాత్రులూ ఏం చేసిందో ఆ నిమిషంలో అర్థమై.

చేయాల్సింది ఇది. చప్పుడు వినగానే లేచి చూడండి, ఎత్తకండి. చెయ్యి కూడా వేయకండి. మెల్లగా అరవై లెక్కపెట్టండి. కళ్ళు తెరిచి చూస్తున్నా, నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతున్నా, పిడికిలి నోట్లో పెట్టుకుంటున్నా, ఏడుపు పెరుగుతున్నా వెంటనే తీసుకోండి, ఇక లెక్క అక్కర్లేదు. పసికందుని ఏడవనిచ్చి అలవాటు చేయమని నేను అనడం లేదు, మేలుకుందో లేదో చూడమంటున్నాను. పాప పడక మీ మంచానికి ఆనించి ఉంటే అదే గదిలో కాస్త దూరం జరపండి. పాప చప్పుడు వినిపించే బేబీ మానిటర్ వాడుతుంటే సౌండ్ తగ్గించండి, నిజమైన ఏడుపు ఎలాగూ వినిపిస్తుంది.

ఆగమన్నది ఆ నిమిషం వరకే, పాలు మానేయడానికి కాదు. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పడాలి. పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చేదాకా, అంటే సాధారణంగా మొదటి రెండు వారాలు, మూడు గంటలు దాటితే నిద్ర లేపైనా పట్టాలి.

అలాగే, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా అది కలత నిద్ర కాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

చేతుల్లో నిద్ర, పడక మీద మెలకువ

ఇదీ అదే కారణం. పసిపిల్లలు కలత నిద్రతోనే నిద్రలోకి జారుకుంటారు. కళ్ళు మూయగానే దించితే ఉలిక్కిపడి లేస్తారు. ఇరవై నిమిషాలు ఆగి, చెయ్యి పైకెత్తి వదిలి చూడండి. చెయ్యి వడిలిన కాడలా పడిపోతే అప్పుడు దించండి.

మిగతావి

పాలు కక్కడం, గ్యాస్, పాలు పడకపోవడం గురించి అందరూ ముందే టెన్షన్ పడతారు. బరువు పెరుగుతూ, డైపర్లు బాగా తడుస్తుంటే నిద్ర పాడవడానికి అవి కారణం కావడం అరుదు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా, పాలకి లేపినా లేవకపోయినా ఇంట్లో ఆగొద్దు.

పాప పడుకున్నా మీకు నిద్ర పట్టట్లేదు

పాపని వేరేవాళ్ళు చూసుకుంటున్నారు, గది చీకటిగా ఉంది, ఒళ్ళు పడిపోతోంది. అయినా గుండె దడదడలాడుతూ కళ్ళు మూతపడట్లేదు. వరసగా కొన్ని రాత్రులు ఇలాగే ఉంటే అది అలసట కాకపోవచ్చు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, ఆందోళన చాలామందిలో ఇలాగే మొదలవుతాయి. తండ్రులకీ వస్తాయి. బిడ్డకి చెకప్ ఉన్నదాకా ఆగకుండా మీ కోసమే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్ళండి, ఒంటరిగా ఉండకండి. మంచం పక్కన రాసిన ఆ కాగితం కూడా తీసుకెళ్ళి చూపించండి.