కరెంటు తిరిగొస్తే కట్టర్ తిరగకూడదు

పోయిన వారం మా వీధిలోని ఓ షెడ్డులో ఒక కుర్రాడికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పళ్లున్న కట్టర్ తిరుగుతూ ఇనుమును చెక్కే పాత హారిజాంటల్ మిల్లింగ్ మెషీన్. సాయంత్రం కరెంటు పోయింది, మెషీన్ ఆగింది. ఊరికే కూచోవడమెందుకని కట్టర్ పళ్ల మధ్య ఇరుక్కున్న చిప్స్ (ఇనప తునకలు) తీయడానికి చెయ్యి పెట్టాడు. అప్పుడే కరెంటు వచ్చింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. కట్టర్ దానంతటదే తిరిగింది.

నేను వెళ్లి స్విచ్ బాక్సు తెరిచి చూశాను. నెల కిందట మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్‌లోని కాయిల్ కాలిపోయిందట. కొత్త స్టార్టర్‌కు అంత డబ్బెందుకని దాని చోట చేత్తో తిప్పే రోటరీ స్విచ్ ఒకటి బిగించారు. వైర్ల కొసల లగ్గులు గట్టిగా ఉన్నాయి, ఎర్తింగ్ ఉంది, మోటారు నెల రోజులూ చక్కగా తిరిగింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఇదే తప్పుకు చెయ్యి పాడైన మనిషిని నేను చూడటం ఇది మూడోసారి.

వానలకు ముందు ఈదురుగాలులకు రోజుకు నాలుగుసార్లు లైను పోయి వచ్చే రోజులివి. పాత మిల్లింగ్ మెషీన్‌కు స్విచ్ మార్చబోతున్నవాళ్లు ఇది చదివాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. రబ్బరు చెప్పులు, తడి చేతులు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

స్టార్టర్ స్థానంలో మామూలు స్విచ్ పెట్టకండి

స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కితే కాయిల్‌కు కరెంటు అందుతుంది. అది అయస్కాంతమై కాంటాక్టర్‌ను, అంటే లైనును మోటారుకు కలిపే భాగాన్ని, లాగి పట్టుకుంటుంది, మూడు ఫేజులూ మోటారుకు చేరతాయి. బటన్ మీంచి వేలు తీశాక కూడా కాయిల్‌కు కరెంటు అందించేది కాంటాక్టర్ పక్కనుండే ఒక చిన్న కాంటాక్ట్. లైను పోగానే అయస్కాంతం పోతుంది, స్ప్రింగు కాంటాక్టర్‌ను వెనక్కి తోస్తుంది, ఆ చిన్న కాంటాక్టూ విడిపోతుంది. ఇక లైను ఎన్నిసార్లు వచ్చినా, మనిషి మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. ఆ కాయిల్‌నే మనం నో-వోల్ట్ కాయిల్ అంటాం.

రోటరీ స్విచ్‌కు ఈ గుణం లేదు. ఆన్‌లో వదిలేస్తే ఆన్‌లోనే ఉంటుంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువ పారితే పడిపోయే బ్రేకర్) కూడా అంతే, లైను పోయినంత మాత్రాన అది పడిపోదు. ముందుకూ వెనక్కూ తిప్పే పాత డ్రమ్ స్విచ్ కూడా అంతే. డ్రమ్ స్విచ్‌ను తీసెయ్యమనడం లేదు, తిరిగే దిశ మార్చడానికి అది కావాలి. కానీ దానికి ముందు పచ్చ, ఎర్ర బటన్లున్న కాంటాక్టర్ ఉండి తీరాలి.

ఈ తప్పు ఎక్కడి నుంచి వస్తోందో చాలాకాలం ఆలోచించాను. మన వైర్‌మన్లలో చాలామంది పొలం మోటార్ల దగ్గర చెయ్యి తిరిగినవాళ్లు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో రైతు లేచి పొలానికి పోనక్కర్లేకుండా ఆటో స్టార్టర్లు పెట్టిన చేతులు అవి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆ ఆటోలు తీసెయ్యమని సర్కారే చెప్పింది. బోరు దగ్గర మోటారు తనంతట తాను తిరిగితే నీళ్లు వస్తాయి. షెడ్డులో తిరిగేది కట్టర్. ఆ అలవాటును మెషీన్ దగ్గరికి తేకండి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన నియమం కాదు. పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌లోకి జారే వీలున్న సాధనమైతే, దాన్ని ఆఫ్‌లో లాక్ చేసే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లో 1976లోనే చేర్చారు. మనిషి చెయ్యి పడకుండా మెషీన్ కదలకూడదన్నది అంత పాత మాట.

కొనేముందు చూడాల్సినవి

పాత కాయిల్ మీద రాసిన వోల్టేజీ చదవండి. 415 కావచ్చు, 230 కావచ్చు, కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మెషీన్లలో 110 కావచ్చు. 230 కాయిల్‌ను 415కు కలిపితే వెంటనే కాలుతుంది. 415 కాయిల్‌కు 230 ఇస్తే సరిగ్గా లాగలేక గరగరమని కొట్టుకుని, అదీ కాలుతుంది.

కాంటాక్టర్ మీద ఏసీ-3 కింద ఉన్న ఆంప్స్ చూడండి, మోటార్లకు లెక్క అదే. ఏసీ-1 అంకె పెద్దగా కనిపిస్తుంది, అది హీటర్ల లాంటి లోడ్లకు. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీది ఆంప్స్‌కే సెట్ చెయ్యాలి. 415 వోల్టుల మీద 3 హెచ్‌పీ మోటారుకు అది దాదాపు 5 ఆంప్స్. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఆ నాబ్ పెంచకండి, కట్టర్ మొద్దుబారిందేమో చూడండి.

పాత స్విచ్ ఎందుకు పోయిందో కూడా చూడండి. చాలాసార్లు కూలెంట్ కారి, ఇనప రజను చేరి పోతుంది. వైరు బాక్సులోకి పోయే చోటి గ్లాండ్ బిగించకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది.

ఇక పని మొదలు

మెషీన్ మీది స్విచ్ ఆఫ్ చేసి మూత తీయకండి. ఆ స్విచ్‌లోకి వచ్చే మూడు వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. బోర్డు దగ్గర మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి మీ జేబులో పెట్టుకోండి. ఎంసీబీ అయితే తాళం వెయ్యండి.

నియాన్ టెస్టర్‌ను నమ్మకండి. మల్టీమీటర్ తీసుకుని ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత ఇక్కడ ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య మూడు చూడండి. మళ్లీ కరెంటున్న చోట చూడండి.

వైర్లు విప్పేముందు ఫొటో తీసి, ఒక్కోదానికి చీటీ కట్టండి.

విరిగే రబ్బరు వైరు కనిపిస్తే మార్చండి. టేపు చుట్టి వదలకండి.

మోటారు బాడీకి ఎర్తింగ్ రెండు వేర్వేరు వైర్లతో ఉండాలి. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది.

పచ్చ బటన్ రెండు కొసలకూ లింకు వెయ్యకండి. వేస్తే అదీ ఆటో స్టార్టరే.

బటన్ లోపలికి పోయి ఇరుక్కుంటోందా, ఆ బటన్ పారెయ్యండి.

కాయిల్ పోయిందని కాంటాక్టర్ కింద చెక్కముక్క దోపకండి. అర్జెంటు జాబ్ ఉన్నా సరే.

సింగిల్ ఫేజు మీద డ్రైవ్ (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టి నడిపేవాళ్లు, ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. దాని మీద రాసినంతసేపు ఆగండి. అందులో ఆటో రీస్టార్ట్ సెట్టింగు ఉంటే ఆపేయండి. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టకండి.

మొదటిసారి తిప్పేముందు కట్టర్ తీసెయ్యండి. రెండు ఫేజులు తారుమారైతే స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) ఎదురు తిరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు ఆపరేటర్ మొదట చెయ్యాల్సింది ఎర్ర బటన్ నొక్కి మెయిన్ ఆపడం. చిప్స్ తీయడం ఆ తర్వాత, అదీ బ్రష్‌తో.

స్టార్టర్ స్థానంలో మామూలు స్విచ్ పెట్టకండి. తాత్కాలికంగా కూడా పెట్టకండి. పోయినవారం షెడ్డులో పెట్టిందీ తాత్కాలికంగానే.

అంతా బిగించాక, కట్టర్ లేకుండానే, పచ్చ బటన్ నొక్కి మోటారు తిప్పండి. తిరుగుతుండగా బోర్డు దగ్గర మెయిన్ ఆపండి. స్పిండిల్ పూర్తిగా ఆగేదాకా చూడండి. ఎవరినీ మెషీన్ దగ్గరికి రానివ్వకుండా మెయిన్ మళ్లీ వెయ్యండి. ఒక నిమిషం నిలబడి చూడండి. ఇలా మూడుసార్లు చెయ్యండి. మూడుసార్లూ స్పిండిల్ కదలకపోతేనే కట్టర్ ఎక్కించి మెషీన్ ఆపరేటర్‌కు అప్పగించండి.