పెద్ద జెట్ వెనక సెస్నా దించేటప్పుడు

పెద్ద విమానం ముందు చక్రం లేచిన క్షణం నుంచి దిగి నేలను తాకేదాకా రెక్కల కొసల నుంచి రెండు సుడిగాలులు వెలువడుతూనే ఉంటాయి. విమానం బరువుగా, నెమ్మదిగా, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) మూసి ఉన్నప్పుడు ఆ సుడులు అత్యంత బలంగా ఉంటాయి. నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి జారతాయి. సెస్నా 172 లాంటి చిన్న విమానం వాటిలో పడితే ఐలరాన్ (ఒరుగును అదుపు చేసే రెక్క పలక) పూర్తిగా తిప్పినా ఒరగడం ఆగకపోవచ్చు. నేలకు దగ్గర్లో సరిదిద్దుకునే ఎత్తే ఉండదు.

అందుకే పెద్ద విమానం దారికి పైనే ఉండండి. అది ఎక్కడ నేలను తాకిందో గుర్తుపెట్టుకుని, ఆ చోటు దాటాకే దిగండి. మిగిలిన రన్‌వే చాలదనిపిస్తే, మొహమాటం లేకుండా గో అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవండి.

టేకాఫ్‌లో పెద్ద విమానం లేచిన చోటుకి ముందే లేవాలి. హెవీ (బాగా బరువైన తరగతి విమానం) వెనక 2 నిమిషాలు, రన్‌వే మధ్యలోంచి బయల్దేరితే 3 నిమిషాలు ఆగాలి. కంట్రోల్ టవర్ తొందరపెట్టినా ఇంకాస్త ఆగుతామని చెప్పే హక్కు మీకుంది.

గాలి నెమ్మదిగా ఉందని ధైర్యపడొద్దు. 1 నుంచి 5 నాట్ల అడ్డగాలి ఒక సుడిని రన్‌వే మీదే నిలబెట్టేస్తుంది. వెనక నుంచి ఏటవాలుగా వీచే మెల్లని గాలి ఇంకా ప్రమాదం: సుడిని మీరు దిగే చోటుకే తోసుకొస్తుంది.