పేజీ ఓపెన్ కాక చక్రం తిరుగుతూనే ఉందా? ప్లాన్ పెంచే ముందు ఇవి చూడండి

దేవరకొండ దగ్గర మా ఊర్లో ఇల్లు పాతది. మూరెడు మందం రాతి గోడలు, ముందర అర్రలో ఇనుప బీరువా వెనక రూటర్, వెనక అర్రలో కంప్యూటర్. బాపు భూమి వివరాలు చూద్దామని భూ భారతి సైట్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉండేది. నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేస్తే పెద్ద ప్లాన్ వేసుకోమన్నాడు, వేసుకున్నాక నెల బిల్లు పెరిగింది గానీ పేజీ మాత్రం అట్లనే ఉంది. దసరాకు పోయినప్పుడు నేను లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు పెట్టి చూశాను. అదే పేజీ వెంటనే వచ్చింది.

అందుకే మీరు కూడా మొదట ఈ పరీక్షే చేయండి. రూటర్ దగ్గర కేబుల్ పెట్టి ఒకసారి, మీరు రోజూ కూర్చునే చోట వైఫైతో ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి రెండూ రాసుకోండి. ప్లాన్‌లో 40 ఎంబీపీఎస్ అని ఉంటే అది బిట్ల లెక్క, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 5 ఎంబీ, కాబట్టి డౌన్‌లోడ్‌లో 5 కనిపిస్తే మోసం జరిగిందని టెన్షన్ పడకండి. మామూలు పేజీలకు ఆ 40 చాలు. పేజీ అంటే ఒక్క పెద్ద ఫైల్ కాదు, పదుల కొద్దీ చిన్న ఫైళ్లు, ఒక్కోదాన్ని అడగడం, జవాబు రావడం, మళ్లీ అడగడం... సమయమంతా ఈ రాకపోకలకే పోతుంది, అందుకే పైపు, అంటే ప్లాన్, ఎంత పెద్దది చేసినా ఒక హద్దు దాటాక తేడా తెలియదు.

కేబుల్‌తో బాగా వచ్చి వైఫైతో రాకపోతే తప్పు ఇంట్లోనే ఉంది. రూటర్‌ను బీరువా వెనక నుంచి, టీవీ వెనక నుంచి తీసి, ఇంటి నడుమ కొంచెం ఎత్తులో పెట్టండి. ఇనుము సిగ్నల్‌ను గోడకంటే ఎక్కువ ఆపుతుంది. జరిపేటప్పుడు సన్న ఫైబర్ తీగను మాత్రం మడవొద్దు, లోపల ఉన్నది గాజు. వైఫైలో రెండు పేర్లు కనిపిస్తే, ఒకే అర్రలో ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్‌ది పట్టుకోండి, అది వేగం ఎక్కువ. గోడలు అడ్డం ఉంటే 2.4 నయం, కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి టౌన్లలో అపార్ట్‌మెంట్లో ఉంటే చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ అదే 2.4 మీద గుమిగూడి ఉంటాయి, రూటర్ సెట్టింగ్స్‌లో ఛానల్‌ను 1, 6, 11 మార్చి మార్చి చూడాలి. కంప్యూటర్ ఒకే చోట ఉండేదైతే ఇవన్నీ ఎందుకు, కేబుల్ లాగేయండి. మా ఇంట్లో అదే చేశాను, తలుపు చౌకట్టు పక్క నుంచి.

కేబుల్‌తో స్పీడ్ టెస్ట్ బాగానే ఉన్నా పేజీలు మెల్లగానే వస్తే కంప్యూటర్ సంగతి చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే చాలాసార్లు పాత హార్డ్ డిస్క్ అలసిపోయిందని అర్థం, దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి, పాత మిషన్‌కు పెట్టే డబ్బుల్లో ఇంతకంటే పనికొచ్చే ఖర్చు ఇంకోటి లేదని నా నమ్మకం. మెమరీ నిండిపోతే, 4 జీబీ ఉన్నవాళ్లు 8 చేయించుకోండి, అప్పటిదాకా ట్యాబ్‌లు తగ్గించండి. అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అని ఉంటుంది, కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాంలు అవి, మీకు పని లేనివన్నీ ఆపేయండి.

క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఎంత మెమరీ మింగుతోందో విడివిడిగా చూపిస్తుంది. ఎప్పుడో వేసుకుని మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్లు అక్కడే దొరుకుతాయి, తీసేయండి. యాడ్ బ్లాకర్ మాత్రం ఒకటి ఉంచుకోండి, వార్తల సైట్లలో బరువంతా యాడ్లదే.

ఒక అలవాటు మానుకోండి, రోజూ క్యాష్ క్లియర్ చేయడం. క్యాష్ చెత్త కాదు, ఒకసారి తెచ్చిన బొమ్మలు, ఫైళ్లు మళ్లీ తేకుండా దాచుకున్న గాదె లాంటిది. రోజూ ఖాళీ చేస్తే రోజూ మొదటి నుంచి తెచ్చుకోవాలి. పేజీ చిందరవందరగా కనిపిస్తేనో, పాత సమాచారమే చూపిస్తేనో చేయండి, చాలు. వేగం పెంచుతామనే బూస్టర్ సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోవద్దు.

డీఎన్ఎస్ అంటే మనం కొట్టిన సైట్ పేరుకు దాని నంబర్ అడ్రస్ వెతికిపెట్టే సర్వీస్. దాన్ని 1.1.1.1 లేదా 8.8.8.8కి మార్చమని చాలామంది చెబుతారు. సైట్ పేరు కొట్టాక మొదట్లోనే చాలాసేపు ఆగి, తర్వాత టకటకా వచ్చేస్తుంటే మార్చి చూడండి, డౌన్‌లోడ్ వేగం మాత్రం దీనితో పెరగదు.

మిగతా సైట్లన్నీ బాగా వచ్చి ఒక్కటే రాకపోతే, ముఖ్యంగా ఇంటర్ రిజల్ట్స్ రోజు, రద్దీ అవతల సర్వర్ దగ్గర ఉంది. పిల్లలు పక్కన ఏడుపు మొహంతో కూర్చున్నా సరే, రిఫ్రెష్ అదే పనిగా కొట్టకండి, అర గంట ఆగి తెరవండి.