ముసురు పట్టకముందే గుర్రం కాళ్ళు చూసుకోండి

వానలు మొదలయ్యాయో లేదో, పాడేరు వైపు మన్యంలో సరుకు మోసే గుర్రాలు కుంటుతున్నాయన్న కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. వెనక కాలు వాచి, నేల మీద ఆనించలేక మూడు కాళ్ళ మీద నిలబడుతున్నాయి. తడవనివ్వకండి, పాకలో కట్టండి అని చెప్పడం తేలిక. ఇది పాక లేక ముసురంతా చేలోనే గడిపే గుర్రాల కోసం.

గుర్రాల కాళ్ళు చెడగొట్టే తప్పు ఒకటుంది. పని నుంచి రాగానే వాగులోకి దించి కాళ్ళు కడిగి, ఆ తడి కాళ్ళతోనే రాత్రంతా కట్టేయడం. ప్రేమతో చేసే పనే, కానీ కాళ్ళు పోయేది దీనివల్లే. నాట్లు వేసేవాళ్ళకు వేళ్ళ సందులు నాని, తెల్లబడి, ఒరిసిపోతాయి కదా, డెక్క పైన మడమ గుంటలో గుర్రానికీ అదే జరుగుతుంది. అక్కడ పొంచి ఉండే డెర్మటోఫిలస్ అనే సూక్ష్మజీవి పొడి చర్మంలోకి చొరబడలేదు, నానిన చర్మంలోకి దూరుతుంది. రోజూ నీళ్ళు పోసి మనమే దానికి దారి తీస్తున్నాం.

రోజువారీ పని

బురదను ఆరనివ్వండి. ఆరాక కొబ్బరి పీచుతోనో ఎండుగడ్డి చుట్టతోనో వెంట్రుకల వాటం వెంట దులపండి. కడగక తప్పకపోతే పొడి గోనెగుడ్డతో ఒత్తి తుడిచి, మడమ గుంటలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే మళ్ళీ తుడవండి. తుడిచే ఓపిక లేని రోజున కడగొద్దు.

తర్వాత కళ్ళు మూసుకుని వేళ్ళతో వెంట్రుకల కింద తడమండి. తొలి పక్కులు కంటికి కనబడవు, పెసరగింజల్లా వేళ్ళకు తగులుతాయి. తెల్లకాళ్ళ గుర్రాలను ముందు చూడండి, వాటికే ఎక్కువ వస్తుంది.

గుర్రానికి 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు మేర అరడుగు ఎత్తున గ్రావెల్ పోసి, నీరు జారేలా వాలు ఇవ్వండి. రాత్రి అక్కడ నిలబడితే చాలు, కాళ్ళు ఆరతాయి.

పక్కు కట్టాక

గోటితో పీకొద్దు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 10 శాతం పోవిడోన్ అయోడిన్ 10 మిల్లీలీటర్లు కలపండి, పల్చటి టీ రంగు వస్తుంది. ఆ నీళ్ళతో తడిపి 10 నిమిషాలు ఉంచితే పక్కులు మెత్తబడతాయి. వాటంతట అవి ఊడినవే తీయండి. మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే జింక్ ఆక్సైడ్ మలాము పూయండి. తడి మీద పూస్తే రోగాన్ని లోపల పెట్టి మూత వేసినట్టే. ఊడిన పక్కుల్లో ఆ సూక్ష్మజీవి నెలల తరబడి బతుకుతుంది, ఏరి కాల్చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, అది మనుషులకూ అంటవచ్చు.

ఇక మిగతావి:

- తడి కాళ్ళకు ఆముదం, వేపనూనె రాయొద్దు. పాత ఇంజనాయిలు, కిరోసిన్ అసలు దగ్గరికి రానివ్వొద్దు.
- పురుగు పడితే పురుగుమందు పోయొద్దు. డాక్టరును పిలవండి.
- ముందరి కాళ్ళకు నైలాన్ తాడు బంధం వేయొద్దు. బురద ఇసుకతో కలిసి అది ఆకురాయిలా చర్మాన్ని కోస్తుంది. మేత కోసం వదిలేటప్పుడు మెడకు తలుగు వేయండి.
- నీళ్ళ తొట్టి దగ్గరే బురద ఎక్కువ. వారానికోసారి చోటు మార్చండి.
- కాళ్ళ వెంట్రుకలు గొరగొద్దు.
- ఒక గుర్రానికి వాడిన గుడ్డ ఇంకోదానికి వాడొద్దు.
- డెక్క అడుగు రోజూ చూడండి. మడమ నుంచి ముందుకు గీకండి. మధ్య మూడు మూలల మెత్తటి దిమ్మ పక్క గాడుల్లో నల్లటి చెమ్మ, కుళ్ళు వాసన ఉంటే కుళ్ళు మొదలైనట్టే.
- లాడం కదిలితే ఆ రోజే బిగించాలి. బురద సగం లాగేసిన లాడం మేకు అరికాల్లో దిగుతుంది.
- ధనుర్వాతం టీకా వేయించండి. గుర్రానికి అది సోకితే బతికించడం చాలా కష్టం, చిన్న గీటు చాలు రావడానికి. మొదట 4 నుంచి 6 వారాల ఎడంతో 2 డోసులు, తర్వాత ఏటా ఒకటి.
- పుండు ఉన్న కాలిని ప్లాస్టిక్ కవరుతో కట్టొద్దు.
- పక్కులున్న గుర్రం మీద బరువు వేయొద్దు. సంత రోజైనా సరే.
- మళ్ళీ చెబుతున్నాం, కడిగి తడితో కట్టొద్దు. వాన వెలిసిన రోజు కూడా.

కాలు ఒక్కసారిగా వాచి వేడిగా ఉన్నా, అడుగు ఆనించకపోయినా, మేత మానేసినా, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా రేపటి దాకా ఆగొద్దు. పశువుల సంచార అంబులెన్సుకు 1962కు ఫోన్ చేయండి. బండి రాలేని గూడెమైతే గుర్రాన్ని నడిపించుకుని రోడ్డు దాకా తీసుకెళ్ళొద్దు, వాచిన కాలి ఫొటో తీసి డాక్టరుకు పంపి, ఏం చేయాలో ముందు అడగండి.